ఓబుళమ్మ కన్ను

దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పిన సంగతి. ఏ రాజు ఏలుబడిలో జరిగిందో ఆమెకూ తెలియదు. రాజుల పేర్లు పోయాయి, ఈ ఓబుళమ్మ పేరు మిగిలింది.

కొండకూ ఏటికీ నడుమ జమ్ములపల్లె అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఓబుళమ్మ అని ఒక మనిషి. ఏటి పక్కన జమ్ము కోసుకొచ్చి చాపలు అల్లి బతికేది. మొగుడు ముందే పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, పేరు మంగి. పక్కింట్లో చెంగమ్మ. ఆమెకు ముగ్గురు పిల్లలు. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ.

ఒక ఏడు ఇద్దరు రాజులకు పడలేదు. దండు వచ్చింది. మూటలు మోయడానికని చెంగమ్మ మొగుణ్ణి పట్టుకుపోయారు. అతను మళ్ళీ రాలేదు. ఊరంతా కొండెక్కింది. కొండ మీద ముందు ఆకలి వచ్చింది, తర్వాత చలి వచ్చింది, ఆ తర్వాత జ్వరం వచ్చింది. చెంగమ్మ పిల్లలు ముగ్గురూ పడ్డారు, మంగీ పడింది. నలుగురికీ ఒకే కుండలో గంజి కాచారు. ఒకే ఆకు నూరి పోశారు. చెంగమ్మ పిల్లలు ముగ్గురూ లేచి కూర్చున్నారు. మంగి లేవలేదు.

మంగిని కొండ మీద రాళ్ళ కింద పెట్టి, దండు పోయాక ఓబుళమ్మ అందరితో పాటు దిగి వచ్చింది. ఇళ్ళు కాలిపోయి ఉన్నాయి. అందరితో పాటు తనూ మట్టి తొక్కింది, గోడ లేపింది, కప్పు వేసింది. మళ్ళీ అదే పక్కిల్లు, మళ్ళీ అదే ఒక్క గోడ.

చెంగమ్మ చిన్న చిన్న పావడాలు దండెం మీద ఆరేసేది. ఓబుళమ్మ చూసేది. కడుపు మండేది.

చెంగమ్మ ముగ్గురినీ చుట్టూ కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టేది. ఓబుళమ్మ చూసేది. కడుపు మండేది.

చెంగమ్మ విసిగిపోయి, "నన్ను పీక్కు తింటున్నారు కదరా" అని వీపు మీద ఒకటేసేది. అదీ చూసేది. దానికి అన్నిటికంటే ఎక్కువ మండేది. తిట్టుకోవడానికైనా తనకెవరున్నారు?

ఒకరోజు చెంగమ్మ గోడ మీదుగా అంది: "అక్కా, పిల్లల్ని అట్లా చూడొద్దక్కా. నాకు భయమేస్తోంది."

"చూస్తాను. ఒకే కుండలో గంజి తాగారు. నీకు ముగ్గురూ మిగిలారు, నాకు ఒక్కటీ మిగల్లేదు. చూడక ఏం చేయమంటావు?"

"అందులో నా తప్పేముందక్కా?"

"నీ తప్పని నేనన్నానా? నాకు కుళ్ళుగా ఉంది. అంతే."

ఆనాటి నుంచి చెంగమ్మ రోజూ దీపాలవేళ పిల్లలకు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఆ ఘాటు గోడ దాటి వచ్చేది. ఎవరి దిష్టి తీస్తున్నారో ఓబుళమ్మకు తెలుసు. దగ్గుకుంటూ చాప అల్లుకునేది. తెల్లారితే మళ్ళీ చూసేది.

కొన్నాళ్ళకు మళ్ళీ దండు వస్తోందని కేక పుట్టింది. దారి చివర దుమ్ము లేచింది. డప్పులు వినిపించాయి. ఊరు ఊరంతా కొండ దారి పట్టింది. చెంగమ్మ ఒక బండి మీదికి పిల్లల్ని తోసి, మూట నెత్తిన పెట్టుకుని వెనక పరుగెత్తింది. ఓబుళమ్మ ఆ వెనక నడుస్తోంది. అలవాటు చొప్పున బండి వైపు చూసింది.

"చెంగమ్మా, నీ చిన్నది ఏది?"

"బండిలో ఉందక్కా."

"లేదు. వాళ్ళను చూడని పూట లేదు నాకు. అక్కడున్నది ఇద్దరే."

చెంగమ్మ మూట వదిలేసి బండిలో వెతికింది. చిన్నది తిరుమలి లేదు. వెనక్కి తిరగబోతే మిగిలిన ఇద్దరూ బండి దూకి ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చారు.

"నువ్వు పో," అంది ఓబుళమ్మ. "నా కాళ్ళు పట్టుకునేవాళ్ళు లేరు. నేను వెళ్తా."

వెనక్కి వచ్చి చెంగమ్మ ఇంట్లో వెతికింది, లేదు. పశువుల కొట్టంలో వెతికింది, లేదు. తన ఇంట్లో చుట్టి నిలబెట్టిన చాపలున్నాయి. ఒక చాప వణుకుతోంది. డప్పు వినగానే పిల్ల అందులో దూరింది.

పిల్లను వీపున కట్టుకుని ఓబుళమ్మ జమ్ములోకి దిగింది. నడుముల్లోతు నీళ్ళలో, ఆకు కదలకుండా, సిపాయిలు గట్టు మీద పోయేదాకా నిలబడింది. పిల్ల వేడి ఊపిరి ఆమె మెడకు తగులుతూనే ఉంది. మంగి పోయాక ఆమె మెడకు తగిలిన మొదటి ఊపిరి అది.

జమ్ము దాటాక దారి రెండుగా చీలింది. ఒకటి కొండకు పోతుంది. ఒకటి తూర్పున, తనను ఎరిగినవాళ్ళు లేని ఊళ్ళకు పోతుంది. ఓబుళమ్మ ఆగింది. చెంగమ్మకు ఇద్దరున్నారు కదా అనుకుంది. సిపాయిలు ఎత్తుకుపోయారనుకుంటుందిలే అనుకుంది. తూర్పు దారినే నడిచింది.

కొంత దూరం పోయాక పిల్ల వీపు మీద నిద్రపోయింది. తల భుజం మీద వాలింది. ఓబుళమ్మకు కొండ మీది రాళ్ళు కళ్ళకు కట్టాయి. అక్కడ చెంగమ్మ ఇద్దరినీ పట్టుకుని దారికేసి చూస్తుంటుంది. ఆ చూపు ఎట్లా ఉంటుందో ఓబుళమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దారి మధ్యలో కూలబడి ఏడ్చింది. లేచి వెనక్కి తిరిగింది.

పొద్దు వాలే వేళకు కొండెక్కి పిల్లను చెంగమ్మ ఒళ్ళో పడేసింది. "తీసుకో. మళ్ళీ పోగొట్టుకున్నావంటే ఈసారి ఇవ్వను."

చెంగమ్మ ఆమె ముఖంలోకి చూసింది. దారిలో ఏం జరిగిందో అడగలేదు.

అంతటితో ఓబుళమ్మ కుళ్ళు పోయిందా? పోలేదు. ఉన్నమాట చెప్పాలి. ఊరికి తిరిగొచ్చాక కూడా పావడాలు చూస్తే కడుపు మండుతూనే ఉంది. కానీ చెంగమ్మ దిష్టి తీయడం మానేసింది. దీపాలవేళ ముగ్గురినీ గడపలో నిలబెట్టి, "అక్కా, అందరూ ఉన్నారు, చూసుకో" అనేది. ఓబుళమ్మ చాప పక్కన పెట్టి ఒక్కొక్కరినీ చూసేది. "ఉన్నార్లే, తీసుకుపో" అని ముఖం తిప్పుకునేది.

ముసలిదై ఓబుళమ్మ పోయింది. ఆమె కోరినట్టే కొండ మీద మంగి పక్కన పెట్టి వచ్చారు. ఆ సాయంత్రం తిరుమలి తన పిల్లల్ని గడపలో నిలబెట్టి, ఖాళీ ఇంటి వైపు తిరిగి, "పెద్దమ్మా, అందరూ ఉన్నారు, చూసుకో" అంది. మర్నాడు ఆ వీధంతా అంది.

ఇప్పటికీ జమ్ములపల్లెలో దీపాలవేళ తల్లులు ఆ మాట అంటారు. పిల్లలు పోయిన ఆడవాళ్ళు ఆ వేళకు వీధిలోకి వచ్చి నిలబడతారు. వాళ్ళకు కళ్ళారా కనబడేదాకా ఏ తల్లీ పిల్లల్ని లోపలికి పిలవదు.