జానెడు మేలు

చెవుడుకి యాకూబ్ మందు కనిపెట్టాడు. దర్గా శిష్యుల్లో వైద్యం పట్టుబడింది అతనొక్కడికే. గుడ్డెద్దు చేలో పడ్డట్టు మందులిచ్చే రకం కాదు. వినికిడి తగ్గిన పెద్దల్లో సగంమందికి మందు కలిపిన నువ్వులనూనె, సగంమందికి ఉత్త నూనె చెవుల్లో వేశాడు. ఎవరికి ఏది వేసిందీ వాళ్లకు చెప్పలేదు. వెనక నిలబడి చిటిక వేస్తూ, ఎంత దూరం దాకా వినిపిస్తోందో వారాల తరబడి కొలిచాడు.

చివరికి సీసా పట్టుకుని గురువు నూరుల్లా బాబా దగ్గరకు వచ్చాడు.

“మందు పనిచేస్తోంది బాబా. ఉత్త నూనె వాళ్లకు మార్పేమీ లేదు. మందు వేసినవాళ్లకు చిటిక జానెడు ఎక్కువ దూరం నుంచి వినిపిస్తోంది. ఎన్నిసార్లు కొలిచినా అంతే. గాలివాటున వచ్చింది కాదు.”

“నిజమేనా?”

“నిజం బాబా. మందు వేసినవాళ్లలో ఉన్న పీరన్న తాతకు, ఇక నీ చెవుడు పోయినట్టేనని చెప్పేశాను కూడా.”

బాబా లేచి అతన్ని వాకిట్లోకి తీసుకెళ్లాడు.

సాయంత్రం టీ వేళ. అరుగు మీద జనం కబుర్లాడుకుంటున్నారు. ఒకప్పుడు పీరన్న లేనిదే ఆ అరుగు మీద నవ్వు పుట్టేది కాదు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకోవడం నామోషీ అనిపించి, తనే ఎదురుగోడ వారకు వెళ్లిపోయాడు. అక్కడ చాప మీద ఒక్కడే కూర్చుంటాడు. ఇవాళ తలపాగా తీసేసి, అరుగుకేసి చెవి పెట్టి ఉన్నాడు.

ఎవరో అన్న మాటకు అరుగు మీద అందరూ గొల్లున నవ్వారు. పీరన్న వాళ్ల మొహాలు చూసి, కాస్త ఆలస్యంగా తనూ నవ్వాడు.

బాబా అతని పక్కన కూర్చున్నాడు. పీరన్న మోకాలి దగ్గర బొటనవేలు ఆనించి, అరుగు వైపు జాన చాచాడు. చిటికెనవేలు చాప అంచు కూడా దాటలేదు.

చెయ్యి తియ్యకుండానే యాకూబ్‌ని చూశాడు.

“నీ కొలతలో తప్పు లేదు నాయనా. మిగతా వాకిలి ఎవరు దాటాలి?”

యాకూబ్ అరుగు దాకా చూశాడు. సిగ్గుతో పాటు ఏడుపూ వచ్చింది. సీసా కింద పెట్టి, చాప మీద కూర్చుని, ముసలాయన చెవి దగ్గరకు వంగాడు.

“తాతా, మస్తాన్ దర్గాకు తెచ్చిన పూలదండ మేక తినేసిందట. తినేసి, మొక్కు తీరినట్టు గడప ముందే పడుకుందట.”

పీరన్న పగలబడి నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ అరుగు వైపు చూశాడు. అక్కడ అప్పటికే వేరే మాట నడుస్తోంది.