పచ్చి బాలింత, పాత తలుపు

వింటున్నావా తల్లీ, అనగనగా కొండకింది ఊళ్ళో ఒక పాతిల్లు, ఆ ఇంటికో పాత తలుపు. వానలకి ఉబ్బి, ఎండలకి బిగిసి, ఆ తలుపుకీ ద్వారబంధానికీ పొసగకుండా పోయింది. రెండూ ఎడమొహం పెడమొహమే. ఎటు చూసినా వేలు దూరేంత సందు.

ఆ ఇల్లు సన్యాసమ్మది. ఆమె కూతురు పైడితల్లి పురిటికొచ్చి, ఆ తలుపున్న వీధి గదిలోనే ఆడపిల్లని కంది. అసలే శీతాకాలం. కొండ దిగిన గాలి తిన్నగా వచ్చి బాలింత మంచం కింద కూచునేది.

"సన్నేసమ్మా, ఆ సందులు ముయ్యే! పచ్చి బాలింతకి ఈదరగాలి కొడితే పేనం మీదకొచ్చే సన్నిజొరం పట్టేస్తాది" అంది పక్కింటి గవరమ్మ పిన్ని.

సందులు ముయ్యాలనే సన్యాసమ్మకీ ఉంది. కానీ తల్లీ, ఆమెకి ఒంట్లో ఓపికేదీ? వేన్నీళ్ళు కాచాలి, పథ్యం వండాలి, పొత్తిగుడ్డలు ఉతకాలి. ఉన్నది ఒక్కతే మనిషి. నడుం పట్టేసి వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు.

అయినా గోనెసంచి చుట్టి తలుపు కింద కుక్కింది. అప్పుడు పిల్లని చూడ్డానికి అమ్మలక్కలు వచ్చారు. ఒకరొస్తే సంచి తియ్యాలి, వెళ్తే కుక్కాలి. సాయంత్రానికి విసుగొచ్చి సంచిని పెరట్లోకి విసిరేసింది.

ఆ తర్వాత చింతగింజల జిగురు కాచి, పాత చీర పేలికలు ముంచి, సందులకి అంటించింది. బాగానే అంటుకున్నాయి. కానీ ఆ జిగురంటే ఎలకలకి విందుభోజనం కదా! తెల్లారేసరికి పేలికలన్నీ కొట్టేశాయి. సన్యాసమ్మ అక్కడే చతికిలబడి ఏడ్చింది, కోపానికి కాదు, అలుపుకి.

అప్పుడిక పేడా మట్టీ గడ్డీ కలిపి తలుపు చుట్టూ మెత్తేసింది. రాకపోకలన్నీ పెరటి గుమ్మంలోంచే అంది. బొగ్గుల కుంపటి మంచం పక్కన పెట్టి, సాంబ్రాణి వేసి, లోపలి తలుపు మూసేసింది. గది వెచ్చబడింది. "హమ్మయ్య" అని వంటింట్లో కొంగు పరుచుకుని ఒరిగింది. ఎన్నాళ్ళకో కంటినిండా కునుకు.

మెలకువొచ్చేసరికి పిల్ల పాలవేళ దాటిపోయింది. ఏడుపేదీ? పాలవేళకి ఊరంతా లేపే పిల్ల, అచ్చం నీలాగే! సన్యాసమ్మ ఒక్క ఉదుటున గదిలోకెళ్ళింది. లోపల గాలి ఉడుకుడుకుగా, బొగ్గుల ఆవిరితో ఊపిరాడకుండా ఉంది.

"తల తిరిగిపోతందే అమ్మా" అని మూలిగింది పైడితల్లి. పిల్ల తోటకూర కాడలా వేలాడిపోయింది.

నడుం నొప్పి ఎటు పోయిందో! సన్యాసమ్మ గడియ తీసి, కాలు దన్నిపెట్టి వీధి తలుపు లాగింది. మట్టంతా పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. పిల్లనెత్తుకుని, కూతురి రెక్క పట్టుకుని, పంచలో పడింది. చల్లగాలి మొహాన కొట్టింది.

అప్పుడు పిల్ల మూతి ముడిచింది. చేతులాడించింది. కేరుమని ఏడ్చింది.

ఆ ఏడుపుకి గవరమ్మ పిన్ని పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! పచ్చి బాలింతకి గాలేటే!"

"తగల్నీ పిన్నీ" అంది సన్యాసమ్మ, పిల్లని గుండెకి హత్తుకుని, వగరుస్తూ. "చలేస్తే ఇంకో బొంత కప్పుతాను."

కథేమో కంచికి, కుంపటి పంచకి,
పిల్లేమో ఒళ్ళోకి, మనమేమో దుప్పట్లోకి!