పక్కింటి చూరు

కొండకి ఇంకా పేరు పెట్టని రోజులు. గెడ్డ మీద ఇంకా వంతెన లేని రోజులు. ఆ రోజుల్లో, ఆ కొండ కింద, ఆ గెడ్డ ఒడ్డున ఒక ఊరుంది. ఊరి చివర ఒక వీధి ఉంది. వీధి చివర ఒకే కప్పు కింద మూడిళ్ళు ఉన్నాయి.

మూడిళ్ళకీ ఒకటే గడ్డి కప్పు. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. ముందర ఒకటే వరస అరుగు. ఇప్పటివాళ్ళకి చెప్తే నవ్వుతారు. ఇప్పుడు ఎవడి నాలుగు గోడలు వాడివి, ఎవడి తాళం వాడిది.

తూర్పింట్లో తవిటమ్మ. పడమటింట్లో సన్నెయ్య అనే ముసలాయన. నడుమింట్లో గవరమ్మ. ఈ కథ గవరమ్మది. ఆమెకి మొగుడు లేడు, పిల్లల్లేరు. మన్ను తవ్వి, తట్ట మోసి బతికే మనిషి. మనిషి పొట్టి, నోరు పొడుగు.

గవరమ్మకీ తవిటమ్మకీ మాటల్లేవు. ఎందుకంటే చూరు నీళ్ళు. తవిటమ్మ చూరు చివికింది. వానొస్తే ఆ నీళ్ళు పక్కకి జారి సరిగ్గా గవరమ్మ గోడ మీద పడతాయి. గవరమ్మ చెప్పింది, తవిటమ్మ వినలేదు. గవరమ్మ అరిచింది, తవిటమ్మ తలుపేసుకుంది. ఆ తలుపు మళ్ళీ తెరిచినా మాట తెరుచుకోలేదు. మాటంటే అలాగే ఉంటుంది. పోయినంత సులువుగా రాదు.

ఆ తగువుకి ముందు ఒక ఏడు ఆ వీధికి జ్వరం వచ్చింది. మూడిళ్ళలోనూ మనుషులు పోయారు. గవరమ్మ తల్లి పోయింది. తవిటమ్మ మొగుడు పోయాడు. సన్నెయ్య ఇంట్లో సన్నెయ్య తప్ప అందరూ పోయారు. అప్పట్నించి ఆ గోడలకి ఎవరూ పూత పూయలేదు. అరుగు అలకలేదు. గడపకి పసుపు రాయలేదు. ఎవరి కోసం రాస్తారు?

ఆ ఊరికొక కట్టుబాటుంది. వేసవిలో అమ్మవారి జాతర. అమ్మవారి ఘటం తలకెత్తుకుని పూజారి గడప గడపకీ వస్తాడు. గోడ పూసి, గడప దిద్దిన ఇంటి ముందు ఆగుతాడు. ఆ ఇంటావిడ వేపాకు వేసిన పసుపు నీళ్ళు ఆయన కాళ్ళకి పోస్తుంది. దిద్దని గడపని చీకటి గడప అంటారు. చీకటి గడప ముందు ఘటం ఆగదు. వరసగా మూడు జాతర్లు ఘటం ఆగకపోతే అది చచ్చిన ఇల్లు. దాన్ని పడగొట్టి ఆ చోటు ఊరికి కలిపేసుకుంటారు.

ఈ మూడిళ్ళ ముందు రెండు జాతర్లు ఘటం ఆగలేదు.

మూడో జాతర దగ్గర పడింది. ఊరి పెద్ద వచ్చాడు. అరుగులు చూశాడు. అడుగులు వేసి కొలుచుకున్నాడు.

"ఏటి బావూ కొలుస్తన్నావు?" అంది గవరమ్మ.

"పశువుల సాలకి ఇలాటి సోటే కావాలే. గాలాడతాది."

"మనుసులున్నారు కదా ఇక్కడ."

"ఉన్నారా? బయట్నించి సూస్తే తెలీలేదు," అని నవ్వి పోయాడు.

ఆ పెద్ద పేరు నేను చెప్పను. ఆయన మనవల మనవలు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

గవరమ్మ వీధిలోకి వెళ్ళి నిలబడి తన ఇల్లు తనే చూసుకుంది. గోడ పెచ్చులూడి ఉంది. అరుగు ఎలుకలు తోడేశాయి. గడప ఎండి చీలింది. నిజమే, లోపల ఊపిరున్నట్టు బయటికి తెలీడం లేదు.

"వుంది కదా ఊపిరి," అనుకుంది. "అయితే కనబడాలి."

చేతిలో చిల్లిగవ్వ లేదు. లేకపోతేనేం? కొండ ఉంది, గెడ్డ ఉంది, పొయ్యి ఉంది. కొండ దగ్గర ఎర్రమన్ను తవ్వింది. గెడ్డలో నత్తగుల్లలు ఏరి కాల్చి సున్నం చేసింది. పొయ్యిమీది కుండ అడుగు గీకి మసి తీసింది. ఎర్రమన్ను ఒక తట్ట, తెల్లసున్నం ఒక కుండ, నల్లమసి ఒక చిప్ప. ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి?

ఎర్రమన్ను నానబెట్టి, గుడ్డలో వడగట్టి, గంజి కలిపితే జాజు. గంజి కలపాలి. కలపకపోతే చేతికంటుతుంది, చీరకంటుతుంది, గోడకి తప్ప అన్నిటికీ అంటుతుంది. ఇప్పుడు డబ్బాలు తెచ్చి మూత తీసి పూసేస్తున్నారు. ఆ రంగుకి వాసన ఉందా? తడి జాజు వాసన వస్తే ఇంట్లో ఏదో మంచి జరగబోతోందని కుక్కకి కూడా తెలిసేది.

ఈతమట్ట నలగ్గొట్టి కుంచె చేసింది. గోడకి పేడా మన్నూ మెత్తింది. కింద ఎర్రపట్టె, దానిపైన తెల్లగీత, అడుగున నల్లగీత. సాయంత్రానికి ఇల్లు పెళ్ళికూతురయింది.

ఆ రాత్రే గాలీ వానా. తవిటమ్మ చూరు నీళ్ళు జారాయి. తెల్లారేసరికి జాజంతా అరుగు మీదికి కారి రక్తం మడుగులా ఉంది.

గవరమ్మ వీధిలో నిలబడి, తవిటమ్మ వైపు చూడకుండా, తవిటమ్మకి వినబడేలా తిట్టింది. "కొందరి సూరు కూడా కొందరి నోరు లాటిదే. కారకుండా ఉండదు!"

లోపల్నించి తవిటమ్మ, పిల్లిని అదిలిస్తున్నట్టు, "పోవే, పో! పొద్దున్నే ఏటా అరుపు?" అంది. వాళ్ళింట్లో పిల్లి లేదు.

గవరమ్మ మళ్ళీ కొండకి వెళ్ళింది. మళ్ళీ గెడ్డకి వెళ్ళింది. ఎర్రమన్ను ఒక తట్ట, తెల్లసున్నం ఒక కుండ, నల్లమసి ఒక చిప్ప. మళ్ళీ పూసింది. మళ్ళీ ఇల్లు పెళ్ళికూతురయింది. మళ్ళీ వాన. మళ్ళీ ఆ చూరు. మళ్ళీ జాజు మడుగు.

సన్నెయ్య తన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ ఇదంతా చూస్తున్నాడు. ఆయన మాట్లాడితే వింత. ఆరోజు మాట్లాడాడు.

"గవరా, ఎన్నిసార్లు పూస్తావే?"

"ఆగేదాకా పూస్తాను, తాతా."

"గోడకి పూస్తే ఆగదే. జబ్బు సూరుది. నువ్వు మందు గోడకి రాస్తన్నావు."

"ఆ సూరు నాది కాదు కదా."

"నీళ్ళకి తెలుసా ఆ సంగతి?"

గవరమ్మ లోపలికి వెళ్ళి నిచ్చెన తెచ్చింది. తవిటమ్మ చూరుకి ఆనించింది. ఎక్కింది.

తవిటమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. ఇన్నాళ్ళలో గవరమ్మతో ఆమె అన్న మొదటి మాట ఇదీ:

"నా సూరు మీద సెయ్యేస్తే నీ కాళ్ళిరుగుతాయే!"

"ఇరిగితే నీ అరుగు మీదే పడతాను. నువ్వే గంజి పోద్దువుగాని."

"గంజి కాదు, సల్లకుండ పెట్టి కొడతాను. దిగు!"

"దిగను. ఈ గడ్డి కుళ్ళిపోయింది. పీకేస్తాను."

చీపురు కింద పడింది. తవిటమ్మ రెండు చేతులా నిచ్చెన పట్టుకుంది. "పీకకే. ఆయన నేసిన గడ్డే అది. జ్వరమొచ్చే ముందు ఆయన సేతులు ఆఖర్ని ముట్టుకున్నది అదే."

గవరమ్మ నిచ్చెన మీదే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నీళ్ళే చూసింది. ఆ నీళ్ళు ఎక్కడ్నించి వస్తున్నాయో చూడలేదు. మెల్లిగా అంది, "ముందే సెప్పొచ్చు కదే, పిచ్చి మొహమా."

"నువ్వడిగితే కదా. నువ్వరిచావు."

గవరమ్మ గడ్డి పీకలేదు. పాతగడ్డిని జుట్టు దువ్వినట్టు దువ్వింది. దాని కింద కొత్తగడ్డి దూర్చింది. అంచు తిన్నగా కోసి వెదురుబద్ద వేసి కట్టింది. చూరు కింద తాటిదోనె కట్టి నీళ్ళు వీధి కాలవలోకి మళ్ళించింది. దిగి చేతులు దులుపుకుంది.

"పైనున్నది ఆయన గడ్డే. సూసుకో."

తవిటమ్మ చూసుకుంది. లోపలికి వెళ్ళింది. ముంతతో మజ్జిగ తెచ్చి అరుగు మీద పెట్టింది. చేతికివ్వలేదు. గవరమ్మ తాగింది. బాగుందనలేదు. ఇద్దరూ ఇద్దరే.

ఇంక జాతర రెండు రోజుల్లోకి వచ్చింది. గవరమ్మ మళ్ళీ కొండకి వెళ్ళింది. ఎర్రమన్ను దొరికింది. గెడ్డలో మాత్రం గుల్లలు దొరకలేదు. ఏరగలిగిన గుల్లలు మొదటి రెండుసార్లకే అయిపోయాయి. ఎర్రమన్ను ఒక తట్ట, తెల్లసున్నం ఒక పిడత, నల్లమసి ఒక చిప్ప.

"రెండుసార్లు నా ఇంటితో మొదలెట్టాను, రెండుసార్లూ పోయింది," అనుకుంది. "ఈసారి పక్కిళ్ళతో మొదలెడతాను."

తవిటమ్మ గోడకి పేడ మెత్తి పట్టె వేసింది. సన్నెయ్యకి వయసైపోయింది, ఆయన గోడకీ తనే వేసింది. "నాకెందుకే ఇయన్నీ?" అన్నాడు సన్నెయ్య. "నీకు కాదు, తాతా. దారిన పోయేవాళ్ళకి," అంది. ఆయన చుట్ట పక్కన పెట్టి, అరుగు తనే అలుక్కున్నాడు.

రెండిళ్ళూ పూర్తయ్యాయి. తన ఇంటికొచ్చింది. గోడకి పేడా మన్నూ మెత్తింది. జాజు కుండలో చెయ్యి పెట్టింది. అడుగు తగిలింది. సున్నం పిడతలో చెయ్యి పెట్టింది. అడుగు తగిలింది. వీధి మొదట్లో డప్పులు వినబడ్డాయి.

ఘటం వచ్చింది. ముందు డప్పులు, నడుమ పూజారి, పక్కన ఊరి పెద్ద. తవిటమ్మ గడప ముందు ఘటం ఆగింది. తవిటమ్మ పసుపు నీళ్ళు పోసింది. ఘటం కదిలింది. గవరమ్మ గడప ముందుకొచ్చింది.

గవరమ్మ చెంబుతో నిలబడి ఉంది. వెనకాల ఉత్త మట్టిగోడ.

"ఈ గడప సీకటి," అన్నాడు ఊరి పెద్ద. "నడవండి."

"బావూ, అలికాను. మెత్తాను. నీళ్ళు తోడి ఉంచాను."

"పట్టె ఏదే?"

గవరమ్మ అటు చూపించొచ్చు. ఇటు చూపించొచ్చు. నా పట్టె అదిగో, ఆ గోడ మీదుంది అనొచ్చు. అనలేదు. అంత పొడుగు నోరూ ఆరోజు తెరుచుకోలేదు.

తెరుచుకున్నది తవిటమ్మ నోరు. "ఆగండి!"

తన బిందెలో మిగిలిన నీళ్ళు ఎత్తి తన గోడ మీదే కుమ్మరించింది. అప్పుడే ఆరిన కొత్త జాజు మీద! ఎర్రగా కారింది. రెండు అరచేతులూ ఆ ఎరుపులో రుద్దింది. వెళ్ళి గవరమ్మ గోడకి ఆ చేతులు అద్దింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ రుద్దింది, మళ్ళీ అద్దింది. సన్నెయ్య కర్ర పక్కన పెట్టి లేచాడు. తన గోడ మీది సున్నం తడిపి, ముసలి వేళ్ళతో ఆ ఎర్రచేతుల పైన తెల్లగీత లాగాడు. గీత వంకరగా వచ్చింది.

"ఇది పట్టేనా?" అన్నాడు ఊరి పెద్ద.

"కాదా?" అంది తవిటమ్మ. "మా గోడలు సగం సెరిగిపోయాయి. ఆ సగం ఎక్కడికెల్లింది మరి?"

పూజారి కదల్లేదు. ఊరి పెద్ద నడవమన్నాడు. కదల్లేదు. డప్పుల వాళ్ళు ముందుకెళ్ళి వెనక్కి వచ్చారు. కదల్లేదు. "అమ్మ బరువెక్కింది," అన్నాడు పూజారి. "కాళ్ళు రావడం లేదు." అమ్మే బరువెక్కిందో, ఆయన మనసే బరువెక్కిందో, అది ఆయనకీ అమ్మకీ తెలియాలి.

గవరమ్మ ఆయన కాళ్ళకి నీళ్ళు పోసింది. చెంబులో నీళ్ళకన్నా కళ్ళలో నీళ్ళే ఎక్కువ.

మూడిళ్ళూ నిలబడ్డాయి. పశువుల సాల ఇంకోచోట కట్టుకున్నారు. అక్కడ గాలాడదు.

గవరమ్మ చాలా ఏళ్ళు బతికింది. పండు ముసలయ్యాక కన్ను మూసింది. ఆమె పోయిన ఏడు జాతరకి, ఆ ఇంటికి పూత పూసేవాళ్ళు లేరు కదా అని తవిటమ్మ తన జాజు కుండ పట్టుకుని ముందు ఆ గోడకే వచ్చింది. అప్పటికే ఆ గోడ ముందు మనుషులున్నారు. తట్టలు పట్టుకుని వీధి వీధంతా ఉంది. ఎవరికి వాళ్ళు తామొక్కరే వస్తున్నామనుకున్నారు. ఒక గోడకి అంతమంది ఏం పూస్తారు? మిగిలిన జాజు ఎవరి పక్కింటికి వాళ్ళు పూశారు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ గోడ లేదు. ఆ గడ్డి కప్పులు లేవు, గంజి కలిపే చేతులూ తగ్గిపోయాయి. గెడ్డ అవతలి ఊరివాళ్ళు గవరమ్మ తమ ఊరి మనిషేనంటారు. వాళ్ళ మాట పట్టించుకోకండి.

మా ఊళ్ళో మాత్రం జాతర ముందు తొలిపట్టె ఎవరూ తమ గోడకి వేసుకోరు. పక్కింటి గోడకి వేస్తారు. డబ్బా రంగైనా అంతే. తగువులున్నా అంతే. మాటల్లేనివాళ్ళు మాట్లాడకుండానే వేసి పోతారు. అవతలివాళ్ళు మాట్లాడకుండానే మజ్జిగ పెడతారు. కొత్తగా వచ్చిన కోడళ్ళు అడుగుతారు, "ముందు మనింటికి వేసుకోవచ్చు కదా అత్తా?" అని.

దానికి మా ఆడవాళ్ళు కుంచె ఆపకుండా ఒకటే జవాబు చెప్తారు.

"మనింటికి వేసేవాళ్ళున్నారే."