నాలుగో గోడ

దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ.

బుట్టలల్లే ఓబయ్య, నెలలు నిండిన భార్య కోసం ఇంటికి ఆనించి తన చేతులతోనే ఒక గది కట్టుకున్నాడు. మట్టి ఇంకా ఆరనేలేదు, కొరడాతో కొత్వాలు దిగాడు.

"ఈ గది ఇక నాదిరా! కాదన్నావో, చర్మం ఒలుస్తా!"

ఓబయ్య చేతులు జోడించాడు.

"మీదే దొరా. కానీ నేను కొత్తగా పెట్టింది మూడు గోడలే. నాలుగోది మా పాతింటి గోడ. ఇప్పుడు మీ వాసాలు దానిమీద ఆనివున్నాయి. అడక్కుండా పరాయి గోడమీద వాసం ఆనిస్తే నూరు దెబ్బలు, రాజుగారి ఆజ్ఞ అని మొన్న మీరే చాటింపు వేయించారు. నాకు భయంగా ఉంది దొరా... మీ గురించి."

గుమిగూడిన జనమంతా కొరడా వైపు చూశారు. కొత్వాలు దాన్ని గబగబా చుట్టేశాడు.

"ఎవడిక్కావాలిరా నీ గది!" అంటూ వెళ్ళిపోయాడు.

మూడోనాడు ఆ గదిలోనే బిడ్డ కేరుమంది.

ఇక లేవండి. ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి, చల్లారిపోతాయి.