వంకర బల్లెపు మొన

అనగనగా, ఓడలు గాలివాటున నడిచే కాలంలో, సముద్రపు ఒడ్డున మొగలిరేవు అని ఒక పట్నం ఉండేది. దాన్ని అనంతపాలుడనే రాజు ఏలేవాడు.

ఆయన తాతగారి కాలంలో ఆఫ్రికా నుంచి ఓడలెక్కి వచ్చిన వీరులు ఆ కోటను ప్రాణాలొడ్డి కాపాడారు. వాళ్లను హబ్షీలనేవారు. తాతగారు సంతోషించి కోటవీధిలో మూడిళ్లు వాళ్లకిచ్చారు. వీరుడు తన దేశం నుంచి తెచ్చుకున్న బల్లెపు మొన ఎవరి దగ్గరుంటే, ఆ ఇల్లు తరతరాలూ వాళ్లదేనన్నారు.

ఏళ్లు గడిచాయి. ఆ ఇళ్లలో దొంగ వారసులు చేరారని రాజుకు అనుమానం వచ్చింది. మొనలు పరీక్షించమని తన కొలువులోని కోనప్పగారికి చెప్పాడు. ఇనుము ముక్కను చూసి అది ఏ ఊరిదో చెప్పేస్తాడని కోనప్పగారికి పేరు. ఆ పేరంటే ఆయనకు పెళ్లాం కంటే ముద్దు!

మొదట పేరంశెట్టి ఒక మొన తెచ్చాడు. నిండా తుప్పు. అంచులు రెండూ గీత గీసినట్టు సమానం. కర్ర దూర్చే గొట్టం అతుకు తెలియకుండా మూసి ఉంది. కోనప్పగారు మీసం దువ్వి, నిజమైనదే అన్నారు. తరవాత గవరయ్య తెచ్చిందీ అలాగే ఉంది. అదీ నిజమైనదే అన్నారు.

మూడోది వలలు అల్లుకుని బతికే జైతున్‌బీ తెచ్చింది. ఆమె మొగుడు పోయాడు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆ మొన చూడబోతే వంకర. నడిమి గీతకు ఒక పక్క పల్లం, రెండో పక్క మిట్ట. తిప్పి చూస్తే పల్లం వెనక మిట్ట, మిట్ట వెనక పల్లం. గొట్టమైతే అతకనే లేదు, పొడుగునా చీలి ఉంది. ఎవడో పని రానివాడు చేశాడు, ఇది దొంగమొన అని కోనప్పగారు తేల్చేశారు.

“అయ్యా, మా మామగారు పోయేదాకా దీన్ని దిండు కింద పెట్టుకునే పడుకున్నారు” అంది జైతున్‌బీ. “దొంగదైతే ఎందుకు పెట్టుకుంటారు?”

ఆయన ఆ మొనను పక్కకు నెట్టేశారు. మూడో రోజు మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ చెయ్యాలని రాజాజ్ఞ అయింది.

మర్నాడు ఆఫ్రికా ఓడ ఒకటి రేవులో ఆగింది. కోనప్పగారు షికారుగా వెళ్లారు. ఓడ కాపలావాళ్ల చేతుల్లో బల్లేలు చూసి ఆయన గబగబా దగ్గరికి వెళ్లారు. అన్నిటికీ అదే పల్లం, అదే మిట్ట, అదే చీలిన గొట్టం! ఇలా ఎందుకు చేస్తారని అడిగారు. చీలిక ఉంటే గొట్టం కర్రను బిగించి పట్టుకుంటుందని, పల్లం మిట్టలుంటే బరువు తగ్గి బలం పెరుగుతుందని, తమ దేశపు కమ్మరుల పనితనమే అదని వాళ్లు చెప్పారు.

ఆ సాయంత్రమే ఆయన పేరంశెట్టి మొనా, గవరయ్య మొనా పట్టుకుని కమ్మరి ముత్తోజు దగ్గరికి పరుగెత్తారు. ముత్తోజు గొట్టాల లోపలికి చూసి, ఆకురాయి గీతలింకా మెరుస్తున్నాయన్నాడు. కొత్త మొనల్ని ఉప్పునీళ్లలో నానబెట్టి పైపైన తుప్పు పట్టించారట.

“మీకెలాంటివి నచ్చుతాయో ఊరంతటికీ తెలుసు కోనప్పగారూ” అన్నాడు. “దొంగమొన చేసేవాడు మీకు నచ్చేట్టే చేస్తాడు. మీరు కాదనేదాన్ని పనిగట్టుకుని ఎవడు చేస్తాడు?”

ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. ఓడ రేపు వెళ్లిపోతుంది. ముత్తోజు నోరు విప్పే మనిషి కాదు. తను ఊరుకుంటే పేరు నిలుస్తుంది, చెబితే మూడింటికి మూడూ తప్పని ఊరంతా నవ్వుతుంది. ఉద్యోగం పోతుంది. లేస్తారు, కూర్చుంటారు, మళ్లీ లేస్తారు. పాపం, అంత భయం ఆయన పగవాడికి కూడా వద్దు.

మూడో రోజు కొలువుకు వెళుతూ కోటవీధిలో ఆగిపోయారు. జైతున్‌బీ సామాను వాకిట్లో ఉంది. చిన్నపిల్ల చాపచుట్ట మీద కూర్చుని, ఎక్కడికి వెళుతున్నామని తల్లిని మళ్లీ మళ్లీ అడుగుతోంది. తల్లి కుండలు ఒక్కొక్కటే బయటికి తెస్తోంది.

కోనప్పగారు తిన్నగా రాజు ముందు నిలబడి ఉన్నదంతా చెప్పేశారు.

“మూడింటికి మూడూ తప్పేనా?” అన్నాడు రాజు. “ఇక నిన్నెందుకు ఉంచుకోవాలి?”

“ఉంచుకోవద్దు ప్రభూ. ముందు ఆ తల్లిని ఇంట్లోకి పంపండి” అని ఆయన తన ఉద్యోగపు ముద్ర ఉంగరం తీసి రాజు పాదాల దగ్గర పెట్టారు.

రాజు వంగి ఉంగరం తీసి ఆయన చేతికే ఇచ్చాడు. ఎవరూ పట్టుకోకుండానే తన తప్పు తానుగా ఒప్పుకున్నవాణ్ణి ఈ సభలో ఇవాళే చూశానన్నాడు. పేరంశెట్టినీ గవరయ్యనూ ఇళ్లలోంచి పంపించాడు. అలాగని కోనప్పగారికి శిక్ష తప్పలేదు. జైతున్‌బీ సామానంతా ఆయనే నెత్తిన పెట్టుకుని ఇంట్లోకి చేర్చాలన్నాడు.

మిట్టమధ్యాహ్నం, నిన్నటిదాకా దండాలు పెట్టినవాళ్లంతా చూస్తుండగా ఆయన మోశారు. జైతున్‌బీ ఆయన్ని మెచ్చుకోలేదు, తిట్టలేదు. కడపటి కుండ ఆయన నెత్తిన పెడుతూ, “మెల్లగా అయ్యా, ఇది పగిలితే మళ్లీ కొనుక్కోలేను” అంది. ఆయన రెండు చేతులతో దాన్ని పట్టుకుని గడప దాటారు.

పిల్లలూ, పొరపాటు ఎంత తెలిసినవాడికైనా వస్తుంది. తెలిశాక కూడా దాచుకుంటేనే అది పాపమవుతుంది.