చెర్రీ చెక్క తొట్టి

చయనులు గారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడి ఇంటికి వెళ్లి గ్లాసుడు మంచినీళ్లు తాగనిదే జవాబు చెప్పేవారు కాదు. విశాఖలో ఆయన దగ్గర సాయంత్రాలు గీత చెప్పించుకునే ఉద్యోగస్తులకు ఈ సంగతి తెలుసు గనక, ఇల్లు సర్దుకునే ఓపిక లేనివాళ్లు సందేహాలు దిగమింగుకుని కూర్చునేవారు.

మురహరి కూడా చాలాకాలం అలాగే కూర్చున్నాడు. ఒక సాయంత్రం పాఠం ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే తను వెనక ఉండిపోయి, "గురువుగారూ, అశుభం అంటిన వస్తువు ఇంట్లో ఉండొచ్చాండీ?" అని అడిగాడు. ఏ వస్తువని ఆయన అడగలేదు. "రేపు పొద్దున్న వస్తాను. కాసిని మంచినీళ్లిద్దువుగాని," అన్నారు.

ఆ వస్తువు పసిబిడ్డ తొట్టి. కొన్నేళ్ల కిందట భార్య సువర్చల మొదటిసారి నీళ్లోసుకున్నప్పుడు మురహరి కాలు నేల మీద ఆనలేదు. బిడ్డ పుట్టకముందు బిడ్డ వస్తువులేవీ ఇంటికి తేకూడదని తల్లి చెబుతున్నా వినకుండా, ఊళ్లో ఫర్నిచర్ షాపులన్నీ తిరిగి, పైదేశపు చెర్రీ చెక్కతో చేసిన తొట్టి ఎంచుకుని తెచ్చాడు. లేత గులాబీ చాయ, చేత్తో తడిమితే వెన్నలాంటి నునుపు. వెలుతురు తగిలేకొద్దీ ఈ చెక్క ముదురు రంగు తేలుతుందని, బిడ్డతో పాటు అదీ పెరిగినట్టే ఉంటుందని షాపాయన చెప్పిన మాటను ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అప్పజెప్పాడు. ఆడపిల్ల పుట్టింది. తొట్టిలో వేసే వేడుక మాట అటుంచి, ఆస్పత్రి నుంచి ఇంటికైనా రాకుండానే పోయింది. మురహరి తల్లి ఆ తరవాత ఒక్క మాట అనలేదు. ఆవిడ అనకపోవడమే అతన్ని తినేసింది. తన తొందరే బిడ్డను పొట్టన పెట్టుకుందని నమ్మాడు. తొట్టి మీద దుప్పటి కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఇప్పుడు సువర్చలకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఇంట్లో పొత్తిగుడ్డ ఒక్కటి లేదు. మురహరి పుట్టబోయే బిడ్డ ఊసే ఎత్తడు. ఆమె ఎత్తితే, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతాడు. కడుపులో బిడ్డతో పాటు భయాన్ని కూడా ఆమె ఒక్కతే మోస్తోంది. పాత తొట్టిని వదిలించుకోవాలని అతను మనసులో అనుకున్నాడు గాని, అదైనా ఆమెతో చెప్పలేదు.

మర్నాడు చయనులు గారు వచ్చారు. సువర్చల ఇచ్చిన గ్లాసు అందుకుని, తాగకుండానే, "ఏదీ ఆ వస్తువు?" అన్నారు. మురహరి గది తాళం తీశాడు. సువర్చల గుమ్మం దగ్గరే ఆగింది.

దుప్పటి పొట్టిది. తొట్టి తలవైపంతా కప్పింది గాని కాళ్లవైపు కొసదాకా రాలేదు. మురహరి దాన్ని లాగేసరికి తొట్టి సగం సగంగా కనిపించింది. కిటికీ అద్దంలోంచి ఎండ పడిన కాళ్లవైపు చింతపిక్క రంగు తేలి నిగనిగలాడుతోంది. దుప్పటి కిందిదంతా కొన్ననాటి లేత చాయలోనే ఉంది.

"చూశారా, ఇదీ పాడైంది," అన్నాడు మురహరి నేలచూపులు చూస్తూ. "ఎవరికైనా ఇచ్చేస్తానండీ. బిడ్డ పుట్టాక టేకుతో కొత్తది చేయిస్తాను."

చయనులు గారు గుమ్మం వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అన్నారు.

సువర్చల లోపలికి వచ్చి తొట్టి అంచు పట్టుకుంది. "అక్క తొట్టి ఉండగా ఇంకోటి ఎందుకండీ," అంది.

పోయిన బిడ్డను ఆ ఇంట్లో ఎవరూ ఏ వరసా పెట్టి పిలిచింది లేదు. పేరు పెట్టే వ్యవధి కూడా దొరకలేదు. అక్క అన్న మాట చెవిన పడేసరికి, ఆస్పత్రిలో కూడా కంటతడి పెట్టని మురహరి తొట్టి పక్కన కూలబడి బావురుమన్నాడు. సువర్చల బరువుగా అతని పక్కనే కూర్చుంది.

"మీరు కొన్నందుకు కాదండీ," అంది. "నేనెన్నడూ అలా అనుకోలేదు."

ఇన్నేళ్లూ అతను వినాలని తపించిపోయిన మాట అదే. అడిగే ధైర్యం లేక వినలేకపోయాడు.

చయనులు గారు వాళ్లను తొందరపెట్టలేదు. మంచినీళ్లు మెల్లగా తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, కింద పడి ఉన్న దుప్పటి తీసి మడత పెట్టారు. చాలాసేపటికి మురహరి మొహం తుడుచుకుని లేచాడు.

"మరి ఈ రెండు రంగులు, గురువుగారూ? చిత్రిక పట్టిస్తే కలుస్తాయాండీ?"

ఆయన దుప్పటి అతని చేతిలో పెట్టారు.

"కప్పిన చోటే నాయనా, ఇంకా ఆ రోజు మిగిలి ఉంది," అన్నారు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆ గది వైపు మరోసారి చూశారు. "కిటికీ తీసి ఉంచు."