ముక్కు పైకి తిరిగిన పిట్ట

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి పక్కన ఒక మహా పెద్ద సరస్సు. ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున వినపడదు, అంత పెద్దది. కాళ్ళు ముడుచుకోవే పిల్లా, నాకు చోటివ్వు. ఆఁ. చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి దేశాల పిట్టలూ ఆ నీళ్ళ మీద వాలేవి. ఊళ్ళో వాళ్ళు చేపలు పట్టుకుని బతికేవాళ్ళు.

ఆ దేశపు రాజుకి, ఈ నీళ్ళన్నీ తోడించేసి వరి వేయిద్దామని బుద్ధి పుట్టింది. ఊరంతా లబోదిబోమంటూ వెళ్ళి కాళ్ళ మీద పడ్డారు. రాజేమో, మా తాతగారు ఇక్కడ నలుపూ తెలుపూ కలిసిన పిట్టని చూశారట, దాని ముక్కు చివర పైకి తిరిగి ఉంటుందట, ఆయన మెచ్చిన పిట్ట మాఘ పున్నమిలోగా మళ్ళీ వస్తే దాని ఇల్లు చెడగొట్టను, అన్నాడు. ఊ కొట్టండర్రా, గోడకి చెప్పుకుంటున్నానా?

ఇంక దోనెలెక్కి వెతుకుడే వెతుకుడు. కొంగ కాదు, బాతు కాదు, గూడబాతు కాదు, నీటికోడి కాదు. ఒకనాడు నలుపూ తెలుపూ పిట్ట కనపడితే రాజుకి కబురంపారు. రాజు వచ్చాడు, చూశాడు, ముక్కు తిన్నగా ఉంది, వెళ్ళాడు. వారం తిరక్కుండా ఇంకో కబురు. రాజు వచ్చాడు, చూశాడు, ముక్కు తిన్నగానే ఉంది, కళ్ళెర్రజేసి వెళ్ళాడు. ఇంకోసారి ఉత్తినే పిలిస్తే ఆ రోజే గట్టు తెగ్గొట్టిస్తానన్నాడు. ఊరివాళ్ళ తప్పేంటంటే, పిట్ట వాలిందంటే దాని కింద చేపలున్నాయా అని నీళ్ళకేసి చూడ్డమే గానీ, పిట్టని చూసిన పాపాన పోలేదు.

ఆ ఊళ్ళో వెంకాయమ్మకి నాంచారి అని ఓ కోడలు. మెట్ట ఊరి పిల్ల, చేపకీ రొయ్యకీ తేడా తెలీదని అందరూ ఏడిపించేవాళ్ళు. రేపు పున్నమి అనగా, పొద్దున్నే గట్టున గిన్నెలు తోముతుంటే ఎదురుగా ఓ నలుపూ తెలుపూ పిట్ట. మూతి నీళ్ళల్లో ఉంది, ముక్కు కనపడ్డంలేదు. అయినా నాంచారి తోమడం ఆపేసింది. ఇదివరకు తను చూసిన నలుపూ తెలుపూ పిట్టలు బియ్యంలో రాళ్ళేరినట్టు టకటకా పొడిచేవి. ఇదేమో కొడవలితో గడ్డి కోసినట్టు తల ఇటూ అటూ, ఇటూ అటూ ఊపుతోంది. తిన్నని ముక్కుతో అలా కుదరదు కదా. పరిగెత్తుకెళ్ళి, రాజుని పిలిపించమని అత్తకి చెప్పింది. వెంకాయమ్మేమో, నీ మాట తప్పయితే ఊరు మనల్ని బతకనివ్వదే అంది. అంటూనే మొగుణ్ణి కబురుకి తరిమింది.

రాజు వచ్చేసరికి ఏమైందో తెలుసా? ఆ పిట్ట ఒంటికాలి మీద నిలబడి, ముక్కు రెక్కల్లో దోపుకుని హాయిగా నిద్రపోతోంది. రాజుకి ఒళ్ళు మండింది. భటుడు దాన్ని లేపుదామని మట్టిబెడ్డ తీశాడు. నాంచారి ఒక్క ఉదుటున వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంది. బెడ్డ పడితే ఎగిరిపోతుందయ్యా, ఆకలేస్తే అదే లేస్తుంది, కూర్చోండి, అంది. రాజునే కూర్చోమంది, చూశారా. రాజు కూర్చున్నాడు. ఊరంతా కూర్చుంది. వెంకాయమ్మ రాజుకి చద్దన్నంలో మజ్జిగ పోసిచ్చింది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ తుమ్మలేదు.

పొద్దు వాలుతుండగా పిట్ట ఒళ్ళు విరుచుకుంది. తలెత్తింది. పక్కకి తిరిగింది. ముక్కు సన్నగా, నల్లగా, చివర ఆకాశంకేసి వంగి ఉంది. అరిస్తే ఎగిరిపోతుందని అందరూ నోళ్ళు నొక్కుకుని ఏడ్చారు, నవ్వారు. వెంకాయమ్మ కోడల్ని గట్టిగా వాటేసుకుంది. రాజు చెప్పులు విడిచి, మోకాలి లోతు బురదలోకి దిగి పిట్టకి దణ్ణం పెట్టాడు. ఈ సరస్సు ఇంక మీదేనని ఊరివాళ్ళకి చెప్పాడు, అదీ గుసగుసగా.

అందుకే, దేన్నయినా ఇది ఫలానా అనేముందు అదేం చేస్తోందో కాసేపు కూర్చుని చూడాలి, తెలిసిందా? కథేమో పిట్టలతో ఎగిరిపోయింది, మనం దుప్పట్లోకి దూరిపోదాం.